లెన్స్ తీసిన కన్ను

నా ఎడమ కంట్లో పువ్వుంది. చిన్నప్పుడు పుట్టింట్లో, పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళు చింది పడ్డ తెల్లమచ్చ. పెళ్ళికి ముందే మా ఆయన బెంగళూరులో దానికి రంగు లెన్స్ కొనిపెట్టాడు. "మాయమ్మకు మాత్రం సెప్పొద్దు" అన్నాడు.

మా అత్తకు శకునాల పిచ్చి. కంట్లో పువ్వున్న మనిషి ఎదురైతే బస్టాండు నుంచైనా వెనక్కొచ్చేస్తుంది. ఆ ఇంట్లో ఎవరు మంచి పనిమీద బయలుదేరినా ఎదురు రావలసింది మాత్రం నేనే. నాలుగేళ్ళుగా ఆమె కంటే ముందు లేచి, ఆ లెన్స్ పెట్టుకున్నాకే గది తలుపు తీసేదాన్ని. ఉత్త దొంగ బతుకు.

పోయినేడు కుప్పంలో నా ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూసే రోజు. పాలు తాగే మా పాపను ఎత్తుకుని అత్త కూడా వచ్చింది. వేలిముద్ర పడలేదు. ఏళ్ళ తరబడి వేడినీళ్ళలో పట్టుదారం తీసిన వేళ్ళకు గీతలెక్కడ మిగులుతాయి? ఆపరేటరమ్మ కళ్ళ మిషన్ తెచ్చింది. రెండుసార్లు చూసి, గది మొత్తానికీ వినబడేట్టు అంది:

"కంట్లో లెన్స్ ఉండాదమ్మా. ముందర మిషన్లు పట్టుకునేవి కావు. ఇది లెన్స్ మీద అచ్చేసిన గీతల్ని కనుక్కుంటాది. తీసేయండి."

తీయకపోతే ఉద్యోగం లేదు. తీస్తే నా పక్కనే అత్త.

"ఒక కన్ను సాలదా అమ్మా?" అని బతిమాలాను.

"రెండూ కావల్ల. యెనకాల ఇంకా శానామంది ఉండారు."

గోడవైపు తిరిగి లెన్స్ తీసి, నీళ్ళ సీసా మూతలో వేశాను. మిషన్ ఒప్పుకుంది. ఇటు తిరిగేసరికి అత్త నా ముఖంలోకే చూస్తోంది. పాపకు దాహమైతే సీసా అందుకుని, మూతలో ఉన్నది కిందికి వంపేసి, నీళ్ళు పట్టింది. అందులో ఏముందో ఆమెకు తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు.

బస్సులో పుంగనూరు దాకా అత్త కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. పాపతో సహా పుట్టింటికి పొమ్మంటుందేమోనని దారంతా చచ్చాను.

మర్నాడు తెల్లవారుజామున మా ఆయన టమేటా లోడుతో మదనపల్లె మార్కెట్టుకు బయలుదేరాడు. నేను వంటింట్లో తలుపు చాటున నక్కాను. గడప దగ్గర అత్త గొంతు వినిపించింది.

"యాల లోపలే నిలబడుకోనుండావు? బండి పోవల్ల. ఎదురు రామ్మా."

"అత్తా, నా కన్ను..."

"సూస్నాను లే. రా."

వెళ్ళాను. రెండు కళ్ళూ తెరిచే వెళ్ళాను. అత్త కొంగు ముడి వేళ్ళమధ్య నలిపేస్తోంది. ఆమెకూ భయమే. సాయంత్రం బండి వాకిట్లో ఆగేదాకా మేమిద్దరం అన్నం ముట్టలేదు.