చేతికి వచ్చిన నత్తి

చొక్కాలు కుట్టే కార్ఖానాలో ఆమెను అందరూ గుండీలక్క అంటారు. గుండీలు కుట్టడం ఆమె పని, మాట పడకపోవడం ఆమె గుణం. ఇంట్లో మాత్రం ఆ గుణానికి నోటితో పనిలేదు. మొగుడు వడ్రంగి, పుట్టు చెవిటి. వాళ్లిద్దరి మాటలూ చేతులతోనే. పెళ్లయిన కొత్తలో అతని దగ్గరే ఆ సైగల భాష నేర్చుకుని, ఏడాది తిరక్కుండా అతన్నే మించిపోయింది. అతను ఒకటంటే ఆమె నాలుగనేది. పోట్లాటలో ఓడిపోతున్నానని తెలియగానే అతను కళ్లు మూసుకునేవాడు. ఆమె ఊరుకుంటుందా? దగ్గరికి వెళ్లి, రెప్పలు లాగి మరీ మాట పూర్తిచేసేది.

అలాంటి మనిషికి ఒక పొద్దున సూదిలోకి దారం ఎక్కలేదు. మెదడులో ఎడమవైపు చిన్న నరం మూసుకుపోయిందన్నారు. నడక దక్కింది, నోరు దక్కింది. కుడిచెయ్యి మాత్రం మొద్దుబారిపోయింది. నోరైనా దక్కింది కదా అని చూడవచ్చిన వాళ్లంతా సంతోషించారు. ఆ నోటితో ఆమె మొగుడితో ఏం మాట్లాడాలి? పెదవులు చూసి అతను పోల్చుకోగలిగేవి తిను, రా, పో లాంటి నాలుగు ముక్కలే.

అయినా ఎడమచేత్తో తంటాలు పడి, కుడిచెయ్యి ఎంత కదిలితే అంత కలిపి చెప్పేది. విడివిడిగా లేవాల్సిన వేళ్లు గుంపుగా లేచేవి. నోటికి నత్తి వచ్చినట్టు చేతికి వచ్చింది. అతను మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆమె సగం చెప్పేసరికే నవ్వుతూ తల ఊపేవాడు. "బావలాంటి వాడు ఎవరికి దొరుకుతాడే అక్కా!" అని చెల్లెలు మురిసిపోయింది. ఆమె కూడా అవునంది. అంత మంచి మొగుడితో పోట్లాట లేని ఇల్లు ఎందుకు బోసిగా ఉందో ఆమెకే తెలియలేదు.

అయస్కాంతంతో మెదడుకు వైద్యం చేస్తారని విని, చెల్లెలే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడి మిషను చూసుకునే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"మెదడులో రెండు వైపులూ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి ఆంటీ. మీకేమో బాగున్న వైపు పెత్తనం ఎక్కువైపోయింది, దెబ్బతిన్న వైపును లేవనివ్వట్లేదు. దాని జోరు కాసేపు తగ్గిస్తాం. ఆ కాసేపట్లో మీరు చేతికి పని చెప్పాలి. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాత్రం అనలేను."

"ఆ బాగున్న వైపే కదమ్మా నా ఎడమచేతిని నడిపేది? అదీ చెడిపోతే?"

"చెడిపోదు ఆంటీ. తగ్గేది కొంచెమే, అదీ కాసేపే."

"చెడిపోతే నాకూ మా ఆయనకీ ఇక మాటల్లేవు. అది గుర్తుపెట్టుకుని చెయ్యి."

నెత్తి మీద కుడివైపు అరచేయంత చట్రం ఆనించి మిషను నడిపితే టకటకమని, ఎవరో వేలితో పొడుస్తున్నట్టు ఉంది. ఆపగానే ఆమె ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు గాని ఆమెకు ప్రాణం కుదుటపడలేదు.

వెంటనే కుడిచేత్తో చిన్న చిన్న పుల్లలు తీసి చిల్లుల పలకలో గుచ్చాలి. వారాలు గడిచేకొద్దీ పుల్లలు చకచకా దిగసాగాయి. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఇంట్లో మాత్రం మాట ముందుకు సాగలేదు.

"పుల్లలతో కాపురం చేస్తానా తల్లీ?" అంది గుండీలక్క.

"అయితే పుల్లలు పక్కన పెడదాం. అంకుల్‌ని తీసుకురండి, ఇక్కడే మాట్లాడుకోండి."

మర్నాడు అతను కనుబొమల మీద రంపపు పొట్టుతోనే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మిషను ఆగాక ఆమె మొదలుపెట్టింది. చెయ్యి ఇంకా సగం లేవలేదు, అతని తల ఊగింది. ఆమెకు ఎక్కడో అనుమానం తగిలింది. ఈసారి ఇలా చెప్పింది: "పొద్దున నీ రంపం ఉడకబెట్టాను. ఉప్పు సరిపోయిందా?"

అతను నవ్వుతూ తల ఊపాడు.

ఏమన్నారని అడిగి తెలుసుకుని ఆ అమ్మాయి పకపకా నవ్వింది. గుండీలక్కకు నవ్వు రాలేదు. "అంటే ఇన్నాళ్లూ నేను గోడతో మాట్లాడానన్నమాట" అని పైకే అనేసింది. ఆమె మొహం చూసి అతనికి సంగతి అర్థమైపోయింది. తల దించుకుని నెమ్మదిగా సైగ చేశాడు. "అర్థం కాలేదంటే మళ్లీ మొదటినుంచి కష్టపడేదానివి. చూడలేకపోయాను."

ఆమెకు కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. అర్థం కాకుండా తల ఊపితే ఊరుకోనని, పూర్తిగా అర్థమయ్యేదాకా వేలు ఆడించి మరీ చెప్పింది.

ఆ తర్వాత అతను మారిపోయాడు. కొయ్యను పట్టి చూసినట్టు ఆమె వేలు పట్టుకుని, ఇది తిన్నగా లేదు, మళ్లీ అనేవాడు. మళ్లీ, ఇంకోసారి, ఊహూ, మళ్లీ. ఆస్పత్రిలో మిషను ఆగాక అదే, ఇంటికొచ్చాక అదే. ఆమెకు తలప్రాణం తోకకొచ్చేది. చిటికెనవేలు ఇప్పటికీ ఆలస్యమే గానీ, మిగిలినవి దారికొచ్చాయి. అయస్కాంతం గొప్పా, అంకుల్ గొప్పా అని చెల్లెలు అడిగితే, ఎవరి వాటా ఎంతో చెప్పలేనని ఆ అమ్మాయి ఒప్పుకుంది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం అతను కొట్టంలో చెక్కను చిత్రిక పడుతున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. జబ్బుపడి ఇంటికొచ్చిన కొత్తలో ఆమె అతనితో ఒక మాట చెప్పింది, అతను వెంటనే తల ఊపాడు. అంత సులువుగా ఒప్పుకున్నాడే అని ఆమె అప్పటినుంచీ లోలోపల కుమిలిపోతోంది. చెల్లెలికి కూడా చెప్పలేదు. ఇప్పుడు అదే మాట రెండు చేతులతో, తొందరపడకుండా, మళ్లీ చెప్పింది.

"ఇంకోసారి ఇలా వచ్చి మంచాన పడితే నన్ను చెల్లెలి ఇంట్లో వదిలెయ్. నువ్వు చెయ్యలేవు."

చివరి వేలు దిగేదాకా అతను చూశాడు. తల ఊపలేదు. చిత్రిక పక్కన పెట్టి ఒంటికాలి మీద లేచాడు. "ఎవరే చెప్పింది చెయ్యలేనని? వదిలెయ్యడమేంటి? బుద్ధుందా నీకు?" అంటూ గాలిలో చేతులు ఝళిపించి తిట్టడం మొదలుపెట్టాడు. ఆమె కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే, ఒక్క తిట్టు కూడా పోకుండా చూడాలని గబగబా తుడుచుకుంది. జవాబు చెప్పడానికి చేతులు రెండూ బాగానే ఉన్నాయి. అయినా ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.