ఒకటి దగ్గరే ఆగిన లెక్క

2023 నవంబరు 18, శనివారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు మేముండే సార్నియా ఊళ్లో తెక్యాన్ అనే పాత కొరియా పోరు విద్య పరిచయ తరగతి మొదలైంది. పదికే అన్నారు లెండి. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే కాలేజీ పిల్ల శ్రావణి నన్ను లాక్కెళ్లింది. ఇందులో కింద పడినవాళ్లు ఓడినట్టట. కొరియా మాస్టారు ఊగుతూ "ఏక్! ఏక్!" అని అరుస్తున్నాడు. ఇరవైసార్లు లెక్కపెట్టాను, రెండు రాలేదు.

"పాపం, ఒకటి దగ్గరే చదువు ఆపేశాడా?"

"అయ్యో ఆంటీ, అది హిందీ ఏక్ కాదు, ఊపిరి వదిలే అరుపు!" అని నవ్వుతూ, నా మాట ఆయనకూ చెప్పేసింది.

ఆయన వంగి నమస్కరించి నన్ను పిలిచాడు. పడగొట్టు చూద్దామని కొంగు బిగించాను. "ఏక్!" అంటూ పాదంతో నా మడమ తప్పించి, చేయి వదలకుండా మెల్లగా కింద కూర్చోబెట్టాడు.

"పడిపోయారుగా, ఇక రెండెందుకు?" అన్నాడు ఇంగ్లీషులో.

పోయినవి: ఒక గాజు, శ్రావణి ముందు నా పరువు, ఒకటి తర్వాత రెండు వచ్చి తీరుతుందన్న డెబ్బై మూడేళ్ల నమ్మకం.