నా జోడీ ఎక్కిందట

కొల్లేటికి గూడబాతులను చూడటానికి పోయి, నీళ్ళంటే భయపడి నేను ఒడ్డునే ఉండిపోయానని మా గోదావరిఖని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. వీపున సంచి తగిలించుకుని అందరికన్నా ముందు రేవుకు చేరింది నేనే.

బొగ్గుబాయిలోకి దిగినవాళ్ళు తమ జోడీని వదిలేసి పైకి రారు. మాదంతా బాయి కుటుంబాల ఆడవాళ్ళ గుంపు కాబట్టి ప్రయాణంలోనూ అదే కట్టుబాటు పెట్టుకున్నాం. ప్రతి ఒక్కరూ తన జోడీ ఎక్కిందని చెప్తేనే బండైనా పడవైనా కదలాలి. నా జోడీ, పక్క క్వార్టర్ సరళ. ఆ రోజు నీలం డ్రెస్సు వేసుకొచ్చింది.

నేను కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చేసరికి పడవ కదిలిపోయింది.

"ఓ సరళా, ఆగుండ్రే!" అని అరిచాను. ఒక్కరూ తిరిగి చూడలేదు.

చేపల గంపతో ఇంకో పడవ కోసం కూర్చున్న ఒకావిడ తన గొడుగును సగం నా మీదికి వంచింది.

"మావోళ్ళు మర్చిపోయిండ్రు," అన్నాను, పరువు దక్కించుకోవడానికి.

"మర్చిపోలేదండి. 'నీ జోడీ ఎక్కిందా' అని మీవాళ్ళు అడిగితే, ఆ నీలం డ్రెస్సావిడ కుళాయి దగ్గరున్న మిమ్మల్ని చూస్తూనే 'ఎక్కింది, పోనియ్యండి' అంది."

"నీకు సరిగ్గ వినబడలే!" అని ఆమె మీదికి లేచాను.

ఆమె గొడుగు మాత్రం తీసెయ్యలేదు.

సాయంత్రం సరళ ఫోన్లో ఫొటోలు చూపించింది. "మస్తుగున్నయే! నువ్వు భయపడకుంటే నువ్వు గూడ చూస్తుంటివి గదా," అంది. లోకమంతటితో తగువు పెట్టుకునే నేను, బాగున్నాయని ఊరుకున్నాను.

సరళా, నన్ను చూసుకుంట ఎక్కిందని ఎట్ల చెప్పినవే?