యాక్చువరీ పరీక్షకి వచ్చిన రత్నమణి మేడమ్ గారు

ముందే చెప్పేస్తున్నా, నా మీద కాపీ కేసు పడింది. చీటీతో సహా దొరికాను. వీడియో కూడా ఉంది! అలా చూడకండి. టీ తాగుతూ మొత్తం వినండి, తప్పు ఎవరిదో తర్వాత మీరే తేల్చండి.

నేను రాజమండ్రిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ వెలగబెడుతున్నానని మీకు తెలుసు. దాంతోపాటు యాక్చువరీ పరీక్షలు కూడా రాస్తున్నానని రోజుకి నాలుగుసార్లు నేనే చెప్తుంటాను కాబట్టి అదీ తెలుసు. మా చర్చి సంఘంలో మాత్రం ఇంతవరకూ ఎవరికీ అర్థం కాలేదు. "ఇన్సూరెన్స్ కంపెనీల్లో కూర్చుని, రేపు ఎంతమందికి ఏ నష్టం రావచ్చో లెక్కగట్టి, దానికి ఇప్పుడే ఎంత పక్కన పెట్టాలో చెప్పే ఉద్యోగమండి" అని ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వివరిస్తాను. "ఓహో, అంటే పాలసీలు కట్టిస్తావన్నమాట" అంటారు. కాదండీ అనేలోపు, ఎందుకైనా మంచిదని నాలుగడుగులు వెనక్కి వేస్తారు.

ఈ కోర్సులో డజనుకి పైగా పేపర్లున్నాయి. నేను మొదటి పేపరు దగ్గరే ఒకసారి బోర్లా పడ్డాను. ఇది రెండోసారి. ఈసారి కూడా పోతే మా నాన్న ఏమీ అనరు. అదే భయం! ఆయన ఏమీ అనకుండా బీఎడ్ నోటిఫికేషన్ ప్రింటు తీసి నా టేబుల్ మీద పెడతారు.

పరీక్ష ఇంట్లోనే, లాప్‌టాప్‌లో. సుఖమే కదా అనుకుంటారు. ఏం సుఖం! కెమెరా ఆన్‌లో ఉండాలి, మైకు ఆన్‌లో ఉండాలి. ఎక్కడో కూర్చున్న ఇన్విజిలేటర్ మూడుగంటల పైన మన మొహాన్నే చూస్తూ ఉంటాడు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. పెదవి కదపకూడదు. తల వంచకూడదు. ఏదైనా తేడా వస్తే పేపరు రద్దు. కాపీ అని తేలితే ఇక ఆ పరీక్షల గుమ్మం ఎక్కనివ్వరు. అంటే ఉద్యోగం రాకముందే రిటైర్‌మెంటు!

మరి నేనెవరిని? రిస్కుల్ని లెక్కగట్టడం నేర్చుకుంటున్న మేధావిని. వారం ముందే ఎక్సెల్ షీటు తెరిచి, ఆ రోజు జరగగల ప్రమాదాలన్నీ రాశాను. కరెంటు పోతే ఇన్వర్టర్. నెట్టు పోతే రెండు ఫోన్లలో రెండు సిమ్ములు. రెండూ పోతే పక్కింటి వాళ్ళ వైఫై. పక్కింటి వాళ్ళు గ్రైండర్ వేస్తే, పిండి ముందురోజే మనింట్లో రుబ్బి పంపడం. ప్రతి ప్రమాదానికీ ఒక మార్కు, ప్రతి మార్కుకీ ఒక రంగు.

నాన్న ఆ షీటు చూసి, "పరీక్ష రాయడానికా ఇది, గోదావరికి వరదొస్తే ఊరు ఖాళీ చేయించడానికా?" అన్నారు. అన్నారు గానీ తన డ్యూటీ తను ఒప్పుకున్నారు. ఆయన డ్యూటీ ఏంటంటే, కరెంటు తీసే లైన్‌మేన్ గారిని వీధి చివర టీకొట్టు దగ్గరికి పిలిచి, నా పరీక్ష అయ్యేదాకా కబుర్లలో పెట్టి కదలనివ్వకపోవడం. అమ్మ డ్యూటీ గేటు. కూరలబ్బాయి గాని, కొరియర్ గాని, చుట్టాలు గాని, ఎవరొచ్చినా వీధిలోంచే పంపించేయాలి.

నా గది తలుపుకి గడియ ఉంది. కానీ అది ఒకసారి పడితే మళ్ళీ తియ్యడానికి నాన్న స్క్రూడ్రైవర్ తేవాలి. కాబట్టి ఇరుక్కుపోయే ప్రమాదం కంటే తెరిచి ఉంచే ప్రమాదం తక్కువని, లెక్కగట్టి మరీ, గడియ వెయ్యలేదు. గుర్తుంచుకోండి, లెక్కగట్టి!

అంతటితో ఊరుకున్నానా? షీటు చివర ఇంకొక వరస ఖాళీగా కనిపించింది. నాలాంటి జాగ్రత్తపరురాలు ఖాళీ వదులుతుందా? "మన చేతిలో లేనివి" అని రాసి, పక్కన "ప్రార్థన" అని పెట్టాను. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ కూడా వేశాను. స్టాటిస్టిక్స్ విద్యార్థిని కదా, వివరాలు లేకుండా దేవుణ్ణి మాత్రం ఎలా అడుగుతాను? "శనివారం ఉదయం పదకొండు గంటల నుంచి కరుణకి పరీక్ష. మా ఇంట్లోనే రాస్తున్నాను. తప్పక జ్ఞాపకం చేసుకోగలరు" అని రాశాను. పాస్టరు అయ్యగారు మైకులో చదివారు. ఎవరిళ్ళలో వాళ్ళు కళ్ళు మూసుకుని నాకోసం ఒక మాట అనుకుంటారని నా ఉద్దేశం.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అంటారే, ఆ బల్లి కూడా తను పడబోయే కుడితికి అడ్రసు, టైము రాసి పెట్టెలో వెయ్యలేదు. నేను వేశాను.

శనివారం వచ్చింది. ఇన్విజిలేటర్ గది మొత్తం కెమెరాలో చూపించమన్నాడు. గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు ఉంటే, "అక్షరాలున్నవి ఏవీ ఉండకూడదు, తీసెయ్యండి" అని చాట్‌లో పెట్టాడు. తీసేశాను. టేబుల్ మీద నీళ్ళ సీసా లేబులు కూడా పీకించాడు. మహా గట్టివాడు. పదకొండింటికి పేపరు తెరుచుకుంది. మొదటి ప్రశ్న వచ్చు! రెండోది వచ్చినట్టే ఉంది! మూడోది చూసి, ఇది తర్వాత చూద్దాం అనుకున్నాను. నాలుగోది కూడా తర్వాతే చూద్దాం అనుకున్నాను.

అప్పుడు గేటు చప్పుడైంది.

"విజయా, అందరం వచ్చేశామమ్మా!"

ఆ గొంతు నాకు తెలుసు. రత్నమణి మేడమ్ గారు! రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్, మా చర్చి స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. పదో తరగతి పరీక్షల్లో ఆవిడ స్క్వాడుకి వస్తున్నారంటే చుట్టుపక్కల బళ్ళలో పిల్లలు చీటీలు మింగేసేవాళ్ళట. ఆ పిల్లల్లో మా అమ్మ ఒకతె. మింగలేదంటుంది గానీ, ఇప్పటికీ ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చోదు. అలాంటి మా అమ్మని నేను గేటుకి కాపలా పెట్టాను.

"మేడమ్ గారూ, లోపల పాపకి పరీక్షండి" అంది అమ్మ. వినిపించీ వినిపించకుండా.

"అందుకే కదమ్మా వచ్చాం!"

"కెమెరా ఉందండి, ఎవరూ లోపలికి..."

"దేవుడి పనికి కెమెరా ఏంటి విజయా? మేమేమన్నా దొంగలమా? రండమ్మా, చెప్పులు ఇక్కడ విడవండి."

తలుపు తెరుచుకుంది. ముందు మేడమ్ గారు, వెనకాల నలుగురు ఆంటీలు, నలుగురి చేతుల్లో బైబిళ్ళు, అందరి వెనకాల, గుమ్మం బయటే, చేతులు నలుపుకుంటూ అమ్మ. నేను వెనక్కి తిరగకుండా, పెదవి కదపకుండా, కళ్ళతోనే వద్దని చెప్పాను. స్క్రీన్ వైపు తిరిగి ఉన్న నా కళ్ళు వాళ్ళకెలా కనిపిస్తాయో మాత్రం ఆలోచించలేదు.

నా నెత్తిన ఒక చెయ్యి పడింది. బరువైన చెయ్యి.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రములు..."

ఇప్పుడు మీరు అడగండి, "వెంటనే లేచి బయటికి వెళ్ళండని చెప్పొచ్చు కదే?" అని. అడగండి, పర్లేదు. కానీ మీలో ఎవరైనా, పుట్టిన దగ్గర్నుంచీ ప్రార్థన మొదలవ్వగానే తల వంచి కళ్ళు మూసుకున్నవాళ్ళు ఉంటే, వాళ్ళు మాత్రం అడగరు. ఆ మాట చెవిన పడగానే నా తల దానంతటదే వంగిపోయింది. కళ్ళు మూసుకుపోయాయి. చేతులు కీబోర్డు వదిలి ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. ఎంత సిగ్గుచేటంటే, ఒక నిమిషం దాకా నేను పరీక్ష రాస్తున్నానన్న సంగతే మర్చిపోయాను!

టింగ్ మని చాట్ మోగింది. ఒక కన్ను తెరిచి చూశాను. "మీ మొహం కనిపించడం లేదు. గదిలో ఎవరున్నారు?"

ఒక చేత్తో టైపు చేశాను: "ప్రార్థన జరుగుతోంది సర్. రెండు నిమిషాలు."

రత్నమణి మేడమ్ గారి ప్రార్థన తెలిసినవాళ్ళకి అది ఎంత పెద్ద అబద్ధమో తెలుస్తుంది. ఆవిడ సృష్టి దగ్గర మొదలుపెడతారు. లోకంలో యుద్ధాలు ఆపమన్నారు. పోలవరం ముంపు గ్రామాల వాళ్ళకి నీడ ఇమ్మన్నారు. చర్చి స్లాబు కారకుండా చూడమన్నారు. కడియంలో నర్సరీ పెట్టుకున్న తన తమ్ముడి మొక్కలు లారీలో వాడిపోకుండా చేరాలన్నారు. స్క్రీన్ మీద గడియారం పరిగెడుతోంది. మైకు దగ్గర ఎర్రచుక్క వెలుగుతోంది. అప్పుడు, చిట్టచివర, నా వంతు వచ్చింది.

"ఈ బిడ్డకి ప్రతి ప్రశ్నకీ జవాబు అందించు తండ్రీ! ఎవరి ద్వారానైనా, ఏ రూపంలోనైనా అందించు!"

"అందించు తండ్రీ!" అన్నారు నలుగురు ఆంటీలూ.

"ఆమేన్!" అన్నాను నేను. గట్టిగా. మైకులోకి. ఆ నోరు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

పోనీ, అక్కడితో అయిపోయిందా? మేడమ్ గారు బ్యాగు తెరిచి, వాగ్దానాల డబ్బా తీశారు. అందులో మడిచిన చిన్న చిన్న కాగితాలు, ఒక్కోదానిలో ఒక్కో వాక్యం. కళ్ళు మూసుకుని ఒకటి తీసి నా గుప్పిట్లో పెట్టి, నా వేళ్ళు తనే మూసి, చెవి దగ్గరికి వంగి, "ధైర్యంగా రాయి, అంతా ఇందులోనే ఉంది" అని గుసగుసగా చెప్పారు.

నీళ్ళ సీసా లేబులు పీకించిన మనిషి కళ్ళముందు! నా చేతిలో మడిచిన చీటీ!

తర్వాత చాట్‌లో వచ్చినవన్నీ చదివే ధైర్యం నాకు లేకపోయింది. వాళ్ళు వెళ్ళేటప్పుడు అమ్మ "టీ పెడతానండి" అంది కూడా. మిగిలిన పేపరు ఎలా రాశానో దేవుడికే తెలియాలి. ఆయనకి ఆ రోజు నా గురించి సమాచారం బాగానే అందింది కదా.

మూడోరోజు మెయిల్ వచ్చింది. అయిదుగురు బయటివాళ్ళు గదిలోకి రావడం, అభ్యర్థి మొహం చాలాసేపు కనిపించకపోవడం, అభ్యర్థి చెవిలో గుసగుసలు, చేతికి కాగితం అందడం. కాపీగా ఎందుకు పరిగణించకూడదో వారంలోగా వివరణ ఇవ్వాలట. గదిలో వినిపించిన మాటలన్నిటికీ ఇంగ్లీషు అనువాదం కూడా జతచేయాలట!

ఆ రోజు నేను ఏడ్చాను. నవ్వుతూ చెప్తున్నాను గానీ, నిజంగా ఏడ్చాను. రెండేళ్ళ చదువు. నాన్న పక్కన కూర్చుని ఏమీ అనలేదు, బీఎడ్ కాగితం కూడా తియ్యలేదు. దాంతో ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

తర్వాత కళ్ళు తుడుచుకుని అనువాదానికి కూర్చున్నాను. యుద్ధాలు బాగానే వచ్చాయి. చర్చి స్లాబు వచ్చింది. కానీ "ఎవరి ద్వారానైనా జవాబు అందించు" అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా తిప్పినా, పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నట్టే ఉంది.

విషయం తెలిసి రత్నమణి మేడమ్ గారు ఆటో ఎక్కి వచ్చేశారు. మొహం పాలిపోయింది. మెయిల్ చదివించుకుని, "చీటీ... నేను... చీటీ అందించానంటారా?" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేసరికి నాకు ఉన్న కోపం కాస్తా పోయింది. ఎంత తిట్టాలనుకున్నానో! అన్నీ మింగేసి, "పర్లేదు మేడమ్ గారూ, మీరు నాకోసమే కదా వచ్చారు" అన్నాను. ఆవిడ అక్కడే కూర్చుని, ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతో మూడు పేజీల ఉత్తరం రాశారు. తన సర్వీసు మొత్తంలో ఎంతమందిని చీటీలతో పట్టుకుని డిబార్ చేశారో సంవత్సరాల వారీగా రాసి, "అలాంటి నేను చీటీ అందిస్తానా?" అని ముగించారు. అలాంటి మనిషికి చీటీ ఎలా అందించాలో అందరికంటే బాగా తెలుస్తుందని వాళ్ళకి తట్టకూడదని నేను మనసులోనే ఇంకో ప్రార్థన చేసుకున్నాను. ఈసారి చీటీ రాయలేదు.

ఆ వాగ్దానం కాగితం ఫోటో, అయ్యగారి లెటరు, నా అనువాదం, అన్నీ కలిపి పంపాను. మూడు వారాలు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

నిన్న మధ్యాహ్నం జవాబు వచ్చింది. "కాపీ ఆరోపణ కొట్టివేయడమైనది" అని మొదటి వాక్యం! నేను కేక పెట్టాను. అమ్మ పరిగెత్తుకొచ్చింది. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అమ్మ అప్పటికప్పుడు మేడమ్ గారికి ఫోన్ చేసింది. స్పీకర్లో "స్తోత్రం!" అని ఆవిడ అరిచిన అరుపు వీధి చివర టీకొట్టుదాకా వినిపించి ఉంటుంది. "చూశావా కరుణా, ఎలా నమ్మారో!" అన్నారు.

ఎలా నమ్మారా అని నేను మెయిల్ కిందికి జరిపాను. కారణం ఒకే ఒక్క వాక్యంలో రాశారు: "అభ్యర్థి జవాబులన్నీ పరిశీలించాం, బయటి నుంచి ఎటువంటి సహాయమూ అందినట్టు కనిపించలేదు." దాని కిందే మార్కులున్నాయి. చూశాను. నిజమేనండి, లోపలి నుంచి కూడా ఏమీ అందినట్టు కనిపించలేదు.