మావయ్య కేక, నా కేక

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకి ఒక రకమైన పొగరు ఉండేది. మా జంషెడ్‌పూర్‌లో అది ఇంకాస్త ఎక్కువ. ఇనుము కరిగించేవాళ్లు, వంచేవాళ్లు, కోసేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు కాబట్టి అక్కడ ఎవరూ ఎవరికీ గొప్పగా కనబడరు. కానీ చేతికి గ్రీజు అంటకుండా, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు టకటకా కొట్టే ఇరవై రెండేళ్ల అమ్మాయి అంటే వేరు (అని ఆ అమ్మాయి అనుకునేది. మిగతావాళ్లు ఏమనుకుంటున్నారో కనుక్కునే తీరిక ఆవిడకి లేదు). ఆ అమ్మాయిని నేనే. ఇప్పుడు ఎక్కడైనా ఎదురుపడితే రెండు మొట్టికాయలు వేసి, ఆ తర్వాత ఒక రసగుల్లా కొనిపెట్టాలని ఉంది.

మా ఇల్లు కాసిడీహ్‌లో. డిప్లొమా చేతికొచ్చాక ఉద్యోగం కోసం బిష్టుపూర్‌లోని ఆఫీసులన్నీ తిరిగి చెప్పులు అరగదీసుకున్నాను. చివరికి మా అమ్మ తమ్ముడు, చిన్నమావయ్య, ఖర్కాయి నది వంతెన అవతల ఆదిత్యపూర్‌లో తను పనిచేసే చిన్న ఫోర్జింగ్ యూనిట్‌లో నన్ను పెట్టించాడు. ఎర్రగా కాలిన ఇనుప ముక్కల్ని హామర్ కింద దంచి, బండి చక్రాలకు వాడే పిన్నులు తయారుచేసే చోటు అది. మావయ్య అక్కడ ఇన్‌స్పెక్షన్ ఇన్‌చార్జి. ప్రతి పిన్నునూ గట్టిదనం కొలిచే మెషీన్ మీద పెట్టి, ఎంత వచ్చిందో చూసి, గది అవతలి మూల కూర్చున్న మనిషికి కేకేసి చెప్పేవాడు. ఆ మనిషికి సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు ఉండేవి కాబట్టి అందరూ చశ్మా దాదా అనేవారు. మావయ్య "బావన్" అని అరిస్తే (హిందీలో యాభై రెండు. వర్క్‌షాపులో అంకెలన్నీ హిందీలోనే పలుకుతాయి) దాదా కూడా "బావన్" అని తిరిగి అరిచేవాడు. అప్పుడు మావయ్య "రైట్" అనేవాడు. అప్పుడే దాదా లేబుల్ మీద రాసేవాడు. పక్క షెడ్డులో హామర్ పడుతుంటే గోడలే అదిరిపోయేవి, అందులో ఈ ఇద్దరి కేకలు. మొదటి రోజు నాకు నవ్వాగలేదు.

ఆ అలవాటు మావయ్యతో పాటు ఇంటికీ వచ్చేది. అమ్మ బజారు నుంచి చింతపండు, అప్పడాలు తెమ్మంటే, "సింతపండు, అప్పడాలు" అని తిరిగి అప్పజెప్పి, అమ్మ "ఆఁ" అనేదాకా గుమ్మంలోంచి కదిలేవాడు కాదు. అమ్మ ఆఁ అనడం మర్చిపోతే అలాగే నిలబడి ఉండేవాడు. మేము పిల్లలం చాటుగా ఆయనకి రిపీట్ మావయ్య అని పేరు పెట్టుకున్నాం.

నేను చేరేనాటికి యూనిట్‌లో ఒక తలనొప్పి ఉంది. మా పిన్నులు కొనే పెద్ద కంపెనీ ఒక లాటు (ఒక విడత సరుకు) మొత్తం వెనక్కి పంపింది. లేబుల్ మీద ఒక అంకె, పిన్ను మీద కొలిస్తే ఇంకో అంకె. దాదా చూపు తగ్గింది, అది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మళ్లీ ఇలాగే జరిగితే ఇక మీ సరుకు వద్దని వాళ్లు తేల్చి చెప్పారు. మా యజమాని సేఠ్‌జీ భయపడి, కంప్యూటర్‌కి తీగ తగిలించుకునే కొత్త కొలత మెషీన్ ఒకటి తెప్పించి, ఇకమీదట లేబుళ్లు కంప్యూటరే ముద్రించాలన్నాడు. ఆ పని నాది. మూడు వారాల్లో ఆ కంపెనీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. కొత్తపిల్ల వల్ల అవుతుందా అని సేఠ్‌జీ నసిగితే మావయ్య అందరి ముందూ, "మేరీ భాంజీ హై. గలతీ హోగీ తో మేరీ హోగీ" అన్నాడు. నా మేనకోడలు, తప్పు జరిగితే నాదే అని. పాతికేళ్ల నుంచి ఒక్క లెక్క తప్పు చెప్పని మనిషి ఆ మాట అనేసరికి సేఠ్‌జీ సరేనన్నాడు. ఆ మాట బరువు నాకు ఎక్కలేదు, నా పొగరు అప్పటికే ఆ చోటంతా ఆక్రమించి ఉంది.

పని ఇదీ. ఒకే కంప్యూటర్‌లో రెండు ప్రోగ్రాములు. ఒకటి మెషీన్ నుంచి కొలత చదువుతుంది, రెండోది లేబుల్ ముద్రిస్తుంది. రెండూ పక్కపక్కనే ఉన్నా ఒకదాని మొహం ఒకటి ఎరగవు. మాది లినక్స్ కంప్యూటర్. అందులో ప్రోగ్రాములన్నీ మాట్లాడుకోవడానికి డీబస్ అనే ఉమ్మడి దారి ఒకటి ఉంటుందని, పైథాన్ భాషలో రాసేవాళ్ల కోసం దానికో లైబ్రరీ, అంటే ముందే రాసి ఉంచిన కోడ్, ఉందని ఒక పత్రికలో చదివాను. బిష్టుపూర్ సైబర్ కేఫ్‌లో దాని గురించి దొరికినవన్నీ ప్రింటు తీయించుకుని, షేర్ ఆటోలో మోకాళ్ల మీద పెట్టుకుని చదివేదాన్ని. ఆ దారిలో మాట పంపడానికి రెండు పద్ధతులు. ఒకటి సిగ్నల్. అంటే దండోరా వేసినట్టు కేకేసి మన పని మనం చూసుకోవడం, వినేవాళ్లు వింటారు. రెండోది ఫలానా ప్రోగ్రామును పేరు పెట్టి పిలిచి, పని చెప్పి, అది జవాబిచ్చేదాకా ఆగడం. మొదటిదానికి నాలుగు లైన్లు చాలు. రెండోదానికి ఇంకాస్త రాయాలి, జవాబు రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించాలి. నేను ఏది ఎంచుకున్నానో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

మొదటిసారి పిన్ను మెషీన్ మీద పెట్టగానే అవతల ప్రింటరు కిర్రుమని యాభై రెండు కక్కిన క్షణం నేను మరచిపోలేను. ఎవరూ అరవలేదు, ఎవరూ రాయలేదు. రెండు ప్రోగ్రాములు నా చేతి మీదుగా మొదటిసారి మాట్లాడుకున్నాయి. ఆ సాయంత్రం యూనిట్ అంతా రసగుల్లాలు పంచాను. మావయ్య మాత్రం రసగుల్లా చేత్తో పట్టుకుని తెరవైపే చూస్తూ, "బాగుంది పాపా. మరి అవతలిది ఇన్నాదని ఇవతలిదానికి ఎలా తెలుత్తాది?" అని అడిగాడు. ఆయన తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం మా పిల్లలందరి జబ్బు. "మావా, కంప్యూటర్ హై, బహరా నహీఁ హై" అన్నాను. చెవిటిది కాదు మావయ్యా అని. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దాదా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మావయ్య రసగుల్లా తిన్నాడు.

ఇన్‌స్పెక్టర్ రావడానికి ముందురోజు మధ్యాహ్నం రిహార్సల్ పెట్టాం. నలభై పిన్నులు, సుద్దతో నంబర్లు వేసి ట్రేలో వరసగా పేర్చాం. నేను మెషీన్ దగ్గర కొలుస్తున్నాను, దాదా అవతల కంప్యూటర్ ముందు కూర్చుని బయటికొచ్చిన లేబుళ్లు చుట్టలుగా చుడుతున్నాడు. అంతా అయ్యాక అంటించబోతే లేబుళ్లు ముప్ఫై ఏడే ఉన్నాయి. మూడు ఎటు పోయాయో తెలియదు. అంతకంటే ఘోరం, లేబుల్ ప్రోగ్రాము తనకు అందినవాటికి తనే వరస నంబరు వేసుకుంటుంది కాబట్టి, ఆ మూడు పోయిన చోటు నుంచి చివరిదాకా ప్రతి లేబులూ పక్కవాడి చొక్కా తొడుక్కుంది. వెనక్కొచ్చిన లాటులో కనబడిన తప్పూ ఇదే, లేబుల్ మీద ఒకటి, పిన్ను మీద ఇంకోటి.

కారణం కనుక్కోవడానికి అట్టే సేపు పట్టలేదు. దాదా మధ్యలో టీకి లేచాడు. లేస్తూ లేబుల్ ప్రోగ్రామును మూసేసి వెళ్లాడు, వచ్చి మళ్లీ తెరుచుకున్నాడు. ఎందుకు మూశావు దాదా అంటే ఆయన నన్ను వింతగా చూశాడు. నడుస్తున్న మెషీన్‌ని వదిలేసి ఎవరైనా లేస్తారా అన్నాడు. ముప్ఫై ఏళ్లు లేత్ మీద పనిచేసిన మనిషి, మెషీన్ ఆపకుండా స్టూలు దిగడు. వేళ్లన్నీ ఇంకా చేతికి ఉన్నది ఆ అలవాటు వల్లే. ఆయన టీ తాగుతున్నంతసేపూ నా ప్రోగ్రాము మాత్రం హాయిగా కేకలేస్తూ పోయింది.

మావయ్య తిడతాడనుకున్నాను. తిట్టలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, ఖాళీ లేబుళ్ల చుట్టను వేళ్లతో తిప్పుతూ, "ఎవలూ లేని గదిలోకి కేకేసి, సెప్పీసేననుకున్నావు" అన్నాడు. "జవాబు రానిదే సెప్పినట్టు కాదే పాపా. కుర్రతనంలో నేనూ ఓపాలి సెప్పీసి ఎల్లిపోయేను. అవతలోడు ఇనలేదు. ఓ లాటు లాటు కొలిమిలోకి ఎల్లిపోయింది. అప్పట్నుంచే ఈ రిపీటు." అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన నా తరఫున ఇచ్చిన మాట అప్పుడు నా నెత్తి మీద పడింది. "సారీ మావయ్యా" అన్నాను, ఎన్నాళ్ల తర్వాతో తెలుగులో. అదే క్షణంలో పక్క షెడ్డులో హామర్ పడింది. ఆయన లేచి మరమరాల పొట్లం తేవడానికి వెళ్లాడు.

అంతే, సిగ్నల్ తీసేసి రెండో పద్ధతి రాయడం మొదలుపెట్టాను. కొలత ప్రోగ్రాము లేబుల్ ప్రోగ్రామును పేరు పెట్టి పిలుస్తుంది, పిన్ను నంబరూ కొలతా చెబుతుంది. లేబుల్ ప్రోగ్రాము అవే తిరిగి చెబుతుంది. రెండూ కలిస్తేనే ముద్రణ, అప్పుడే తరవాతి పిన్ను. అవతల ఎవరూ పలక్కపోతే ఉన్నచోటే ఆగి గంట కొడుతుంది. ఒక్క మాటలో, మావయ్యనూ దాదానూ తీసుకెళ్లి కంప్యూటర్‌లో కూర్చోబెట్టాను. మావయ్య పక్కన మరమరాలు తింటూ, జవాబు రాకపోతే ఎన్ని క్షణాలు ఆగాలి, మళ్లీ అదే అంకె పంపాలా వద్దా అని అడుగుతూనే ఉన్నాడు. ఆయన అడిగిన ప్రతిదానికీ నేను ఒక లైను రాశాను. ఎండ పోకముందే పూర్తయింది.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చాడు. నవ్వితే ఉద్యోగం పోతుందన్నట్టు ఉండే మనిషి. పద్దెనిమిది పిన్నులు సజావుగా నడిచాయి. పందొమ్మిదో పిన్ను పెట్టేసరికి గంట మోగింది, తెర ఎర్రబడింది, అంతా ఆగిపోయింది. చూస్తే దాదా కుర్చీ ఖాళీ. (రాత్రంతా గట్టెక్కించమని దేవుడికి మొక్కుకున్నాను కానీ, మధ్యలో టీకి లేవొద్దని దాదాకి చెప్పడం మరచిపోయాను.) సేఠ్‌జీ మొహం తెల్లబోయింది. మిషన్ పాడైందా అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. చెప్పాను, పాడవలేదు సార్, అవతల వినేవాళ్లు లేరు, అందుకే ఆగింది అని. అప్పుడే దాదా చేతిలో టీ గ్లాసుతో వచ్చి, తన ప్రోగ్రాము తెరిచాడు. ఇవతలిది పందొమ్మిదో పిన్ను అంకెనే మళ్లీ పంపింది, అవతలిది తిరిగి చెప్పింది, లేబుల్ వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ నలభై పిన్నులూ తనే కొలిచి చూసుకున్నాడు. ఒక్కటీ తేడా రాలేదు. కాగితాలు మడుస్తూ, తప్పుగానైనా ఆగకుండా నడిచే కంప్యూటర్లు చాలా చూశాననీ, తెలియనప్పుడు ఆగే కంప్యూటర్‌ని ఇక్కడే చూశాననీ అన్నాడు. తలుపు దగ్గర ఆగి "పాస్" అన్నాడు. గది అవతలి మూల నుంచి మావయ్య, పాతికేళ్ల అలవాటు కొద్దీ, గొంతెత్తి "పాస్" అని తిరిగి చెప్పాడు. ఆ మనిషి మొదటిసారి నవ్వి, "రైట్" అన్నాడు. ఆ తర్వాత దాదా అరిచాడు, హామర్ షెడ్డువాళ్లు అరిచారు, సేఠ్‌జీ కూడా అరిచాడు. ఆ రోజు ఆదిత్యపూర్‌లో నాకంటే తలెత్తుకుని ఎవరూ నడవలేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ ప్రోగ్రాము చాలా ఏళ్లు నడిచిందని విన్నాను. నేను తర్వాత పెద్ద ఆఫీసులకు మారి, ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్దవి రాశాను. దేనికీ ఇంత గర్వపడలేదు. ఈమధ్య మావయ్యకి ఫోన్ చేసినప్పుడు ఆ రోజుల మాటొచ్చింది. నాకు హఠాత్తుగా గుర్తొచ్చింది, హామర్ కింద నలిగిపోయిన నా సారీకి ఆయన ఆ రోజు జవాబివ్వలేదు. ఆయన లెక్క ప్రకారం నేను ఇంతవరకూ చెప్పనట్టే. అందుకని మళ్లీ చెప్పాను. "మావయ్యా, ఆ రోజు మిమ్మల్ని అందరి ముందూ నవ్వులపాలు చేశాను, సారీ."

"సారీ" అన్నాడు మావయ్య, చింతపండు, అప్పడాలు అన్నంత జాగ్రత్తగా. తర్వాత ఆగి నిలబడ్డాడు, నేను రైట్ అనేదాకా.