గుమ్మడికాయ కొక్కెం, పదేళ్ల వారంటీ

ముందుగా నా తెలివితక్కువతనం నేనే ఒప్పుకుంటాను. అది మీరే కనిపెట్టారన్న బాధ నాకుండదు. సిద్దిపేటలో ఇరవై రెండేళ్లుగా ఇంటికప్పు రేకులు అమ్ముతున్నాను. "పూల రేకులు వాడితే పోతాయి, నా రేకులు ఎంత వాడినా పోవు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడిని. ప్రతి బేరానికీ కంపెనీ ఇచ్చే పదేళ్ల వారంటీ కార్డు చేతిలో పెట్టేవాడిని. ఆ కార్డు వెనకవైపు ఏముందో మాత్రం నాలుగేళ్ల కిందటి వానాకాలం దాకా చదవలేదు. అక్షరాలు చీమలంత. చీమల్ని ఎవరు చదువుతారు?

ఇంకో ఘనకార్యం కూడా ఉంది. కప్పు పని పూర్తవగానే నేనే డ్రిల్లు పట్టుకుని నిచ్చెనెక్కి, ముందు వరస రేకుకు చిల్లు పొడిచి, దిష్టి గుమ్మడికాయ కట్టుకోవడానికి ఇనుప కొక్కెం బిగించేవాడిని. అది నా తరఫున కానుక. ఇంటివాళ్లు సంబరపడేవాళ్లు. సేటు చెయ్యి మంచిదని పేరు కూడా వచ్చింది.

ఆ వానాకాలం నర్సయ్య షాపుకొచ్చాడు. అతనిది గుంత మగ్గం. నేలలో గుంత తీసి, అందులో కాళ్లు పెట్టుకుని తొక్కుతూ నేస్తారు. ఆ మగ్గం షెడ్డుకు మూడేళ్ల ముందు రేకులు వేయించింది నేనే.

"మంచి రేకులిచ్చినవ్ సేటు. వాన బయట తక్కువ, లోపల ఎక్కువ పడుతుంది."

"ఏడ కారుతుంది నర్సన్నా?"

"సరిగ్గ మగ్గం మీద. పడుగు తడిసి గంజంత పోయింది. పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతున్నయ్. గుంతల మోకాళ్ల దాక నీళ్లు. నేసుడా, నాటేసుడా?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"గిట్లనే ఉంటే మగ్గం ఇప్పి భివండి మిల్లులకు పోతా. మా తమ్ముడు రమ్మంటనే ఉన్నడు. ఒక్కసారి ఇప్పితే మల్ల బిగిచ్చుడుండదు సేటు."

"పదేళ్ల వారంటీ ఉండంగ భివండి ఎందుకే?" అని ధీమాగా కంపెనీకి ఫోన్ చేశాను.

వారానికి తనిఖీ సారు వచ్చాడు. వాకిట్లో నిలబడి తలెత్తాడు. గుమ్మడికాయను చూశాడు, కొక్కేన్ని చూశాడు, ఫోన్‌తో ఫొటో తీశాడు.

"ఈ చిల్లు ఎవరు పొడిచిన్రు? పర్మిషన్ లేకుండ చిల్లు చేస్తే వారంటీ చెల్లదు."

నర్సయ్య భార్య లక్ష్మి గర్వంగా నన్ను చూపించింది. "మా సేటే సార్! పైసలు గూడ తీసుకోలే."

నా జీవితంలో అంత ఇబ్బంది పెట్టిన మెప్పు మరొకటి లేదు.

"పైకెక్కి చూడున్రి సార్" అన్నాను.

"చూసేదేముంది? కింది నుంచే కనవడుతుంది గదా" అని బండెక్కి వెళ్లిపోయాడు.

సంగతి అర్థమయ్యాక లక్ష్మి నా వైపు తిరిగింది. "మంచి చెయ్యే సేటు నీది. మాకు దిష్టి తాకకుండ జేస్తివి, వారంటీకి తాకింది."

షాపుకొచ్చి, కళ్లద్దాల మీద భూతద్దం పెట్టి కార్డు వెనకవైపు చదవడం మొదలుపెట్టాను. పదహారు షరతులు. మొదట భయపడుతూ చదివాను, తరువాత ఆసక్తితో చదివాను. వారంటీ అంటే కప్పు కారదన్న హామీ అని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. రేకు మీది పూత లేచి, తుప్పు పట్టి, దానంతట అదే చిల్లుపడితే కొత్త రేకు ఇస్తారు, అంతే. స్క్రూ వదులైతే, దాని కింది రబ్బరు వాషర్ చిట్లితే అది బిగించినవాడి తప్పు. రేకు ఇస్తారు గానీ మార్చే కూలి ఇవ్వరు. తొమ్మిదో షరతు దగ్గర నా వేలు ఆగింది: చిల్లు పొడిస్తే, పొడిచిన ఆ రేకుకే వారంటీ పోతుంది, మొత్తం కప్పుకు కాదు. పద్నాలుగోది: తనిఖీ కప్పు మీద జరగాలి.

మర్నాడు నేనే ఎక్కాను. కొక్కెం ఉన్నది వాకిలి వైపు రేకుకు. మగ్గం దానికి నాలుగు రేకుల అవతల. మగ్గం పైన రేకుల వాషర్లన్నీ ఒక్కొక్కటే వేలితో నొక్కి చూశాను. అవి చిట్లి ఉంటే తప్పు నాదే. వాషర్లు బాగున్నాయి. పక్కనే రెండు రేకుల పూత కాల్చిన అప్పడంలా పొంగి, కింద తుప్పు తిని, సూది మొనంత చిల్లులు పడ్డాయి.

ఫొటోలు తీసి, షరతుల నంబర్లు వేసి కంపెనీకి ఉత్తరం రాశాను. సారు మళ్లీ వచ్చాడు. ఈసారి నిచ్చెన నేనే పట్టుకున్నాను. పైన పొంగిన పూతను గోటితో గీకి చూశాడు. దిగొచ్చి, "గిది పూత లోపమే" అన్నాడు.

కొత్త రేకులు వచ్చాయి. కూలి వారంటీలో లేదు కాబట్టి నేనూ నర్సయ్యా కలిసి బిగించాం. గుంత ఎండాక అతను కొత్త పడుగు ఎక్కించాడు. భివండి తమ్ముడికి ఫోన్ చేసి, "నేను రాను, నువ్వే రా" అన్నాడట.

వారంటీ అంటే 'వారంటే' చాలనుకున్నాను. వారు కాదు, కాగితం అనాలి. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇప్పుడు నేను చెప్పేదొకటే: కార్డు బీరువాలో పెట్టేముందు వెనక్కి తిప్పండి.

పోయిన ఏడాది ఆ తనిఖీ సారే మా షాపుకొచ్చాడు. పట్టణంలో ఇల్లు కొన్నాడట, పైన ఒక గది వేస్తున్నాడట.

"మంచి రేకులియ్యి సేటు, జల్ది పోవాలె."

కుర్చీ వేశాను. కార్డు తిప్పి మొదటి షరతు పైకి చదివాను.

"ఏందిది? నాకు చెప్తవా? నేను గదే కంపెనీల చేస్తున్న గదా!"

"కంపెనీల మీరు సారు. గీ కుర్సీల ఇంటాయన. సంతకం పెట్టున్రి."

ఒక్కో షరతూ చదివి, ఒక్కో సంతకం తీసుకున్నాను. ఐదో దాని దాకా నవ్వాడు. తరువాత గడియారం చూసుకున్నాడు. పదకొండోది, ఉప్పు కలిపినవేవీ రేకుల మీద ఆరబెట్టరాదు అన్నది, చదవగానే పెన్ను కింద పెట్టాడు.

"గిట్ల గూడ ఉందా? మరి మా ఇంటామె సల్లమిరపకాయలు ఏడ ఎండవెట్టాలె?"

"సంతకం పెట్టున్రి సార్" అన్నాను. "ఇంకో ఐదున్నయ్."