చాయ్ బల్ల దగ్గరి ధర

సిరొంచ బజారులో నూనె, పప్పు, ఉప్పు కొనాలంటే మూడే కొట్లు. పొద్దున్నే ముగ్గురు యజమానులూ హోటల్ బల్ల దగ్గర చాయ్ తాగుతూ ఆ రోజు ధర అనుకునేవారు. వాళ్ళలో పెద్ద కాశీనాథ్ సేటు. ఏ కొట్టుకు వెళ్ళినా ఒకటే మాట కాబట్టి కొనేవాళ్ళు బేరమాడటం ఎప్పుడో మానేశారు. అమ్మేవాళ్ళు కొసరు పోయడం కూడా మానేశారు.

ఆ ముగ్గురిలో ఒకాయన కాలం చేస్తే, గల్లాపెట్టె ముందు భార్య వసంతమ్మ కూర్చుంది. మగవాళ్ళ నడుమ ఆడమనిషి హోటల్లో కూర్చోవడం వాళ్ళ ఇళ్ళలో లేదు. అందుకని ఆమెను చాయ్‌కు పిలవలేదు. అంతవరకూ సరే, ధర కబురు పంపాలన్న సంగతి కూడా ఆ పెద్దమనుషులకు తోచలేదు. వసంతమ్మ ఏం చేస్తుంది పాపం? కొన్న ధర మీద తన ఇల్లు గడవడానికి కావలసినంత వేసుకుని అమ్మింది. మిగతా ఇద్దరికంటే తక్కువకు ఇస్తున్నానని ఆమెకు తెలియనే తెలియదు.

అడవి పల్లె నుంచి వారం వారం అంగడికి వచ్చే లింగక్క దాన్ని పసిగట్టింది. పై వారం ఆ పల్లె పల్లెంతా వసంతమ్మ కొట్టు ముందే ఉంది.

కాశీనాథ్ సేటు వచ్చి ధర పెంచమన్నాడు. వసంతమ్మ పెంచనంది. పొమ్మనలేక పొగబెట్టినట్టు, చంద్రపూర్ నుంచి ముగ్గురికీ కలిపి సరుకు తెచ్చే లారీ ఆమె కొట్టు ముందు ఆగడం మానేసింది.

డబ్బాలు అడుగంటాయి. కొట్టు మూతపడితే ఆమెకు మరో ఆధారం లేదు. సేటును బతిమాలుకుందామని చెప్పులు కూడా వేసుకుంది. అప్పుడే లింగక్క వచ్చి, ఖాళీ డబ్బాలు చూసి, సంగతంతా అడిగి గడప మీద కూర్చుంది.

“గోదారి మీద బిరిడ్జి ఉన్నది గదమ్మా. అవుతల నుంచి తెప్పియ్యరాదు? ఒక్క వారం మేం నూనె లేకుంటనే వండుకుంటం. ఆ దుకాణాలకు మాత్రం పోం.”

ఆ వంతెన మీదుగా వసంతమ్మ పుట్టింటికి ఎన్నిసార్లు వెళ్ళలేదు! సరుకంటే ఆ లారీలోనే రావాలని భర్త కాలం నుంచీ ఆమె మనసులో పాతుకుపోయింది. మర్నాడే వంతెన దాటి మహదేవపూర్ వెళ్ళి, ట్రాలీ ఆటోలో బస్తాల మధ్య తనూ కూర్చుని తిరిగొచ్చింది. బజారంతా చూస్తుంటే ఆమెకు సిగ్గు వేయలేదు, సంతోషమే వేసింది.

మిగతా రెండు కొట్లలోనూ ధర దిగక తప్పలేదు. పై వారం అంగడి రోజునే కాశీనాథ్ సేటు మళ్ళీ వచ్చాడు.

“చెల్లె, ఇగ రేపటి సంది నువ్వు గూడ చాయ్‌కు రా. నీకు తోడు మా ఇంటామెను గూడ తీస్కొస్త.”

“ఇన్నొద్దులు పిలవకపోతిరి. ఇంట్ల తాగుడే అలవాటైంది అన్నా,” అని వసంతమ్మ లింగక్క సీసాలో కొసరు పోసింది.